రెండో విడత ఎప్పుడు?

2025 ఆగస్టు 16, తెల్లవారుజామున నాలుగున్నర దాటింది. నిజాంపట్నం దగ్గర చెరువు గట్టు మీంచి మా బావ ఫోన్ చేశాడు. వెనక ఏరేటర్ల హోరు. రొయ్యల చెరువు ఉన్నవాడికి ఆ వేళప్పుడు నిద్ర ఉండదు. తెల్లారబోయే ముందే నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఏరేటరు ఆగితే రొయ్య పైకి తేలి కొట్టుకుంటుంది. ఎలాగూ మేలుకునే ఉంటాడు. ఆ రాత్రి మేలుకోవడానికి ఇంకో కారణం కూడా వచ్చిపడింది.

"ఏం బామ్మర్దీ, టీవీ చూస్తున్నావా? ఏం తేల్చారు?"

"ఏమీ తేల్చలేదు బావా."

"మూడు గంటలు కూర్చునా?"

కూర్చున్నది ట్రంప్, పుతిన్. అలాస్కాలో, ఆంకరేజ్ పక్కనున్న సైనిక స్థావరంలో. మాట్లాడుకున్నది ఉక్రెయిన్ యుద్ధం గురించి. అక్కడికీ నిజాంపట్నం చెరువుకీ ఏమిటి సంబంధం అంటే, చాలా ఉంది. మన సరుకు మీద అమెరికా 25 శాతం సుంకం అప్పటికే, ఆగస్టు 7 నుంచి, వసూలు చేస్తోంది. రష్యా చమురు కొంటున్నామని మరో 25 శాతం, 27వ తేదీ నుంచి అమలు అని ఉత్తర్వు ఇచ్చేసింది. రొయ్య మీద వాళ్ళు ముందునుంచీ వేస్తున్న సుంకాలు వేరే. అప్పటికి మన రొయ్యకి అన్నిటికంటే పెద్ద బజారు అమెరికాయే. బావ చెరువులో వనామీ రకం రొయ్య 40 కౌంటుకొచ్చింది, అంటే కేజీకి నలభై తూగుతోంది. ఇంకో మూడు వారాలు మేపితే 30 కౌంటు అవుతుంది, నాలుగు డబ్బులు మిగుల్తాయి. కానీ ఈలోపు 27 దాటిపోతుంది. ఆ ఇద్దరూ చేతులు కలిపితే చమురు సుంకం ఎత్తేస్తారని ఆ వారమంతా రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట. బావ మేత కట్టలు అప్పు మీద తెచ్చి, ఆ మాట మీద ఆగాడు.

నేను గుంటూరులో ఇంటర్ పిల్లలకి సివిక్స్ చెప్తాను. పాఠం కోసమైనా చూడాలని బ్రాడీపేటలో మా ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని అర్ధరాత్రి నుంచీ చూశాను. ఎర్ర తివాచీ పరిచారు. ఇద్దరూ ఒకే కారెక్కి నవ్వుకుంటూ వెళ్ళారు. లోపలికి వెళ్ళాక దాదాపు మూడు గంటలు తలుపులు మూసే ఉన్నాయి. బయటికొచ్చి ఇద్దరూ కలిపి ఓ పన్నెండు నిమిషాలు మాట్లాడారు, విలేకరుల ప్రశ్నలు తీసుకోలేదు. ఒప్పందం కుదిరేదాకా కుదరనట్టే అన్నారు ట్రంప్. భోజనం ఏర్పాటు కూడా రద్దయింది. అప్పటికే మన చానెళ్ళ కింద పట్టీ పరిగెడుతోంది: పైచేయి ఎవరిది?

ఆ ఇద్దరి సంగతి రాయడానికి పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు చెప్పాలనిపిస్తున్నది చూస్తూ కూర్చున్న మన సంగతి. మన ఎదురుచూపులో ఏదో తప్పుంది. చర్చలు మొదలైన రోజు మీద పెట్టుకున్న ఆశలో పదో వంతు, ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడు కూర్చుంటారన్న దాని మీద పెట్టుకోం. ఆ పన్నెండు నిమిషాలు అయిపోగానే టీవీ కట్టేస్తాం. ఈ అలవాటుకి మనం కట్టే ఖరీదు చాలా ఎక్కువని నా నమ్మకం. ఎందుకో చెప్తాను.

ఆ రోజు కృష్ణాష్టమి. తెల్లారేసరికి మా వీధిలో గడపల్లోంచి లోపలికి బియ్యప్పిండితో చిన్నికృష్ణుడి పాదాలు వేస్తున్నారు. ఆ పాదాలు చూస్తుంటే నాకు రాయబారం గుర్తొచ్చింది. తెనాలి చుట్టుపక్కల పుట్టినవాడికి కృష్ణుడంటే ముందు రాయబారమే. శ్రీరామనవమి పందిట్లో, హార్మోనియం పక్కనే చాపేసుకుని కూర్చుని, తెల్లవార్లూ చూసేవాళ్ళం. రాయబారం చెడుతుందని పందిట్లో ఉన్న ప్రతివాడికీ తెలుసు. అయినా ఎవరూ లేచి వెళ్ళరు. పద్యం అందుకోగానే ఈలలు, వన్స్ మోర్లు. నాకు యాభై దాటాక తట్టిన విషయం ఒకటుంది. అంత గొప్ప ఘట్టంలో మనం చప్పట్లు కొట్టేది పద్యానికి, రాగానికి, దుర్యోధనుడి పొగరుకి. కృష్ణుడు అడిగిందేమిటో తలుచుకుని చప్పట్లు కొట్టినవాణ్ణి నేను చూడలేదు. సగం రాజ్యం అడగాల్సినవాళ్ళు ఐదూళ్ళకి దిగొచ్చారు. యుద్ధం ఆపడానికి ఎంతకి దిగొచ్చారో చూడండి! ఆ ఐదూళ్ళ మాట పందిట్లో ఎవరికీ పట్టదు, ఎందుకంటే అందులో రాగం తియ్యడానికేమీ లేదు.

ఏ చర్చల్లో అయినా ఈ ఐదూళ్ళు ఏవో వెతకడం మొదలుపెట్టాను అప్పట్నుంచీ.

చూసేవాళ్ళే చర్చలు చెడగొట్టడం నేను మొదట మా ఇంట్లోనే చూశాను. 1984లో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, మా నాన్నకీ పెదనాన్నకీ గట్టు తగాదా వచ్చింది. రెండు చేల మధ్య గట్టు, దాని మీద ఏడు తాటిచెట్లు, గట్టు పక్కన నీళ్ళొచ్చే బోదె. ఎండాకాలంలో రామాలయం అరుగు మీద పెద్దమనుషుల్ని కూర్చోబెట్టారు. ఊళ్ళో సగం మంది చుట్టూ చేరారు. నేను ధ్వజస్తంభం పక్కన నిలబడ్డాను. రెండు గంటలు నడిచాక పెదనాన్న భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, "సరేలే తమ్ముడూ, ఆ చెట్లేవో..." అని మొదలుపెట్టారు. నాకు ఆ గొంతు ఇంకా వినిపిస్తుంది. మాట పూర్తవలేదు. వెనకనుంచి ఎవరో, "ఏం అన్నయ్యా, తగ్గిపోతున్నావా?" అన్నారు. నలుగురు నవ్వారు. పెదనాన్న తువ్వాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకుని, "చెట్లు నావి, గట్టు నాది" అని లేచి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నాన్న అన్నం తినలేదు. చెట్లు పోయినందుక్కాదు. అన్నగారి నోటిదాకా వచ్చిన మాట మళ్ళీ లోపలికి పోయినందుకు.

ఊడ్పుల రోజుల్లో ఓ రాత్రి ఇద్దరూ బోదె తెరవడానికి ఒకేసారి వెళ్ళారు. చేతుల్లో పారలు. దగ్గర ఎవరూ లేరు, లాంతరు పట్టుకున్న నేను తప్ప. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెదనాన్న, "పగలు నువ్వు పెట్టుకో, రాత్రి నేను పెట్టుకుంటా. వచ్చే వారం మార్చుకుందాం" అన్నారు. నాన్న "ఊఁ" అన్నారు. అంతే. కౌగిలించుకోలేదు, కన్నీళ్ళు లేవు. గట్టు ఎవరిదో ఈ రోజుకీ తేలలేదు. ఆ నీటి వంతు మాత్రం వాళ్ళిద్దరూ పోయాక కూడా మా అన్నదమ్ముల మధ్య నడుస్తూనే ఉంది.

సింధు జలాల ఒప్పందం పాఠం చెప్పేటప్పుడు పిల్లలకి ఈ బోదె కథ చెప్తాను. 1960 సెప్టెంబరు 19న నెహ్రూ, పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ కరాచీలో సంతకాలు పెట్టారు. ఆ సంతకాల వెనక ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వంలో ఎనిమిదేళ్ళకు పైగా సాగిన బేరం ఉంది. ఏ నది ఎవరిదో పంచారు. తూర్పు నదులు రావి, బియాస్, సట్లెజ్ మనకి. పడమటివి సింధు, జీలం, చీనాబ్ వాళ్ళకి. కాశ్మీరు ఎవరిదన్న గట్టు మాత్రం తేలలేదు. 1965 యుద్ధం వచ్చింది, 1971 వచ్చింది, కార్గిల్ వచ్చింది. వంతు నిలబడింది. పహల్గామ్‌లో జనాన్ని చంపాక 2025 ఏప్రిల్ 23న మన ప్రభుత్వం దాన్ని పక్కనపెట్టింది. అరవై అయిదేళ్ళు నడిచిన కాగితం! ఇన్నేళ్ళలో అది నడుస్తోందని ఏ ఏడాదైనా ఎవరైనా పండగ చేసుకున్నారా? దాని పేరు మన జనంలో చాలామందికి తెలిసిందే అది ఆగిన రోజు.

ఆగ్రా సంగతి చెప్పకుండా నేను ముందుకు వెళ్ళలేను. 2001 జులై 14 నుంచి 16. మన ప్రధాని వాజ్‌పేయి, పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్ మాట్లాడుకోవడానికి కూర్చున్నారు. అంతకు రెండేళ్ళ కిందట వాజ్‌పేయి బస్సెక్కి లాహోర్ వెళ్ళినప్పుడు నాన్న ఎంత సంబరపడ్డారో, మూడు నెలలకే కార్గిల్ మొదలయ్యేసరికి అంత కుంగిపోయారు. అయినా ఆగ్రా అనగానే మళ్ళీ రేడియో పక్కన చేరారు. 16వ తేదీ పొద్దున ముషారఫ్ మన సంపాదకులతో ఫలహారం చేస్తూ అన్న మాటలు అదే రోజు టీవీలో వచ్చేశాయి. గది లోపల బేరం ఇంకా నడుస్తుండగానే గది బయట పంతం చెప్పేసినట్టయింది. రామాలయం అరుగు మీద జరిగిందే అక్కడా జరిగింది. ఉమ్మడి ప్రకటన చిత్తుప్రతులు అటూ ఇటూ తిరిగాయి. చివరికి ఏమీ లేకుండా అర్ధరాత్రి దాటవస్తుండగా ఆయన విమానమెక్కారు. అజ్మీరు దర్గాకి వెళ్ళాల్సిన కార్యక్రమం కూడా మానేశారు. "అజ్మీరైనా చూసి వెళ్ళాల్సింది" అన్నారు నాన్న. చర్చలు చెడినదానికంటే ఆయన్ని అదే ఎక్కువ బాధపెట్టింది. మొక్కు కూడా తీర్చుకోనంత కోపంతో ఎవరూ వెళ్ళకూడదని ఆయన ఉద్దేశం.

అదే ఏడాది డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. లక్షల సైన్యం నెలల తరబడి సరిహద్దులో ఎదురెదురుగా నిలబడింది. నాన్న 2003 ఎండాకాలంలో పోయారు. ఆ నవంబరు 25 అర్ధరాత్రి నుంచి నియంత్రణ రేఖ వెంట తుపాకులు ఆగాయి. 2004 జనవరి 6న ఇస్లామాబాద్‌లో అదే వాజ్‌పేయి, అదే ముషారఫ్ ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. ఆగ్రాలో రాయలేకపోయిన కాగితం రెండున్నరేళ్ళకి రాశారు. ఆగ్రా కోసం రేడియోకి అతుక్కుపోయినంత మంది ఇస్లామాబాద్ కోసం ఎదురుచూశారని నేననుకోను. ఆశ అప్పటికే ఖర్చయిపోయింది.

మా స్టాఫ్‌రూములో ఒక మాష్టారున్నారు, నాకంటే పెద్దాయన, నేను గౌరవించే మనిషి. అలాస్కా మర్నాడు కాదు, సోమవారం నాడు అన్నారు: "అంతా నాటకం మాష్టారూ. ఆయుధాలు అమ్ముకునేవాళ్ళు శాంతి చేసుకుంటారా?" ఈ మాట విజయవాడ బస్సులోనూ వింటాం, మిర్చియార్డు టీకొట్టు దగ్గరా వింటాం. తెలివైన మాటలాగే ఉంటుంది. కానీ బోలెడు ఆశపెట్టుకున్న మా బావ, ఏ ఆశా లేని మా మాష్టారు, ఇద్దరూ చూసింది ఆ ఒక్క రాత్రినే. ఒకరికి ఆ రాత్రే అంతా తేలిపోవాలి, ఇంకొకరికి ఆ రాత్రి ఏదీ తేలలేదు కాబట్టి ఎప్పటికీ తేలదు.

ఆయనకి నేను రెక్యవిక్ సంగతి చెప్పాను. మా పదో తరగతి పుస్తకాలకి నాన్న తెప్పించే సోవియట్ పత్రికల కాగితంతో అట్టలు వేసుకునేవాళ్ళం. నున్నగా, మందంగా, ఏడాదంతా చిరగని కాగితం. నా సాంఘికశాస్త్రం పుస్తకం అట్ట మీద అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నాయకుడు గోర్బచేవ్ జెనీవాలో నెగడు ముందు కూర్చుని నవ్వుతున్న బొమ్మ ఉండేది, 1985 నవంబరునాటిది. మరుసటి ఏడాది అక్టోబరు 11, 12 తేదీల్లో అదే ఇద్దరూ ఐస్‌లాండ్ రాజధాని రెక్యవిక్‌లో కలిసి, అంతరిక్ష ఆయుధాల దగ్గర మాట తెగి, మాడిన మొహాలతో బయటికొచ్చారు. లోకమంతా చర్చలు విఫలం అంది. కానీ ఆ రెండు రోజుల్లో ఎవరెంతవరకు తగ్గగలరో ఎదుటివాడికి తెలిసిపోయింది. వాళ్ళ కింది అధికారులు బల్ల దగ్గరనుంచి లేవలేదు. పద్నాలుగు నెలలు తిరక్కుండానే, 1987 డిసెంబరు 8న, మధ్యశ్రేణి అణు క్షిపణుల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 1991కల్లా రెండు పక్షాలూ కలిపి 2,692 క్షిపణుల్ని ధ్వంసం చేశాయి, ఒకరి స్థావరాలు ఒకరు తనిఖీ చేసుకుంటూ. నవ్విన బొమ్మ నా అట్ట మీదుంది. పని జరిగింది మాడిన మొహాల తర్వాత. ఆ ఒప్పందం కూడా 2019 ఆగస్టులో పోయింది. ఆ వార్త నేను మా పేపర్లో లోపలి పేజీలో చదివాను.

మా జిల్లావాళ్ళకి శాంతి చర్చలు అనగానే దేశాల మధ్య చర్చలు గుర్తురావు, 2004 గుర్తొస్తుంది. అప్పుడు నేను నరసరావుపేటలో పనిచేస్తున్నాను. రాష్ట్ర ప్రభుత్వంతో మాట్లాడటానికి నక్సలైట్ నాయకులు నల్లమల దిగి, ఆ అక్టోబరులో గుత్తికొండ బిలం దగ్గర సభ పెడితే పల్నాడు ఊళ్ళనుంచి జనం కదిలిపోయారు. మా కాలేజీ పిల్లలు కొందరు చూసొచ్చి రెండు రోజులు అదే చెప్పుకున్నారు. ఆ ప్రాంతంలో కొడుకుని అడవికి పోగొట్టుకున్న ఇల్లూ ఉంది, కానిస్టేబులు కొడుకుని మందుపాతరకి పోగొట్టుకున్న ఇల్లూ ఉంది. ఇద్దరు తల్లులూ ఆ నాలుగు రోజులు, అక్టోబరు 15 నుంచి 18 దాకా, హైదరాబాదు వైపు చూశారు. భూమి మీద మాట్లాడారు, ఆయుధాలతో తిరగడం మీద ఏమీ తేలలేదు, రెండో విడతలో చూద్దామని లేచారు.

ఆ రెండో విడత రాలేదు. జనవరిలో ఎన్‌కౌంటర్లు, మావోయిస్టులు చర్చలనుంచి వైదొలగడం. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే నర్సిరెడ్డినీ ఆయనతో ఉన్నవాళ్ళనూ కాల్చి చంపారు, రెండు రోజులకి నిషేధం మళ్ళీ వచ్చింది. తప్పెవరిదన్న వాదన ఇరవై ఏళ్ళుగా నడుస్తోంది, అందులోకి నేను పోను. నన్ను తొలిచేది ఇంకోటి. అక్టోబరు 18 తర్వాత నవంబరు ఉంది, డిసెంబరు ఉంది. ఆ రెండు నెలల్లో, "రెండో విడత తేదీ ఎప్పుడు?" అని గుంటూరులోనో నరసరావుపేటలోనో మేం గట్టిగా ఎందుకు అడగలేదు? నేనూ అడగలేదు. సభకి లారీలెక్కిన జనం, ఆ తేదీ కోసం రోడ్డెక్కలేదు. ఆ చర్చల నీడలోంచి మిగిలిందల్లా కోనేరు రంగారావు గారి భూమి కమిటీ. అది ఊరూరూ తిరిగి నివేదిక ఇచ్చింది. భూమి లేనివాడికి పనికొచ్చే సిఫారసులు అందులో చాలా ఉన్నాయి. అవే ఆ చర్చల ఐదూళ్ళు. వాటి మీదా ఒత్తిడి పెట్టినవాళ్ళం కొద్దిమందిమే.

అలాగని ఎక్కడా ఐదూళ్ళు రాలేదని కాదు. భారత్, పాకిస్తాన్ ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చేయకూడదని 1988 చివరి రోజున సంతకాలు పెట్టుకున్నాయి. 1992 నుంచి ప్రతి జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు మార్చుకుంటున్నాయి. 2008లో కుదిరిన మరో ఒప్పందం ప్రకారం జనవరి 1న, జులై 1న ఒకరి జైళ్ళలో ఉన్న ఇంకొకరి మనుషుల జాబితాలు ఇచ్చుకుంటాయి. మాటలు లేని రోజుల్లోనూ ఈ కాగితాలు కదిలాయి. 2025 మేలో నాలుగు రోజులు యుద్ధం నడిచిందా? మన శ్రీ సత్యసాయి జిల్లా జవాను శవపేటికలో ఇంటికొచ్చాడా? ఆ జులై 1న జాబితాలు మారాయి. తమ దగ్గర 193 మంది మన జాలర్లు ఉన్నారని పాకిస్తాన్ ఇచ్చిన కాగితంలో ఉంది. కాగితంలో పేరుంటే ఇంట్లోవాళ్ళకి మనిషి బతికున్నట్టు లెక్క.

2018 చివర్లో గుజరాత్ తీరంలో వేటకెళ్ళి పాకిస్తాన్‌కి చిక్కిన మన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు పద్నాలుగు నెలలు కరాచీ జైల్లో ఉన్నారు. ఆ పద్నాలుగు నెలల్లోనే పుల్వామా, బాలాకోట్, వ్యాపారం బంద్. ఏ శిఖరాగ్ర సమావేశమూ జరగలేదు. అయినా 2020 జనవరి 6న 20 మంది వాఘా గేటు దాటి వచ్చారు. ఎదురెళ్ళి తీసుకొచ్చింది అప్పటి మన మత్స్యశాఖ మంత్రి మోపిదేవి వెంకటరమణ, రేపల్లె వైపు మనిషే. ఆ వార్తని మా అక్క నిజాంపట్నం రేవులో చేపలు ఆరబెట్టుకునే ఆడవాళ్ళు మళ్ళీ మళ్ళీ చెప్పుకోవడం చూసిందట. వాళ్ళకి తెలుసు అది ఎంత పెద్ద వార్తో. ఎర్ర తివాచీ లేకపోయినా, ఎవరి పైచేయీ లేకపోయినా, ఇరవై ఇళ్ళలో పొయ్యి వెలిగింది.

అందుకే ఇప్పుడు మా క్లాసులో ఏ దేశాల చర్చల గురించి మాట్లాడినా, "ఎవరు గెలిచారు సార్?" అన్న పిల్లవాడికి రెండు ప్రశ్నలు తిరిగి వేస్తున్నాను. ఐదూళ్ళేవి? రెండో విడత ఎప్పుడు? మొదట్లో పిల్లలకి విసుగ్గా ఉండేది. అలాస్కా మీద ఒకమ్మాయి రాసుకొచ్చిన కాగితంలో ఒకటే వాక్యం ఉంది: ఖైదీల మార్పిడి మాట వచ్చిందో లేదో వెతికాను సార్, దొరకలేదు. ఆ అమ్మాయి వెతికింది. నాకదే కావాలి.

చానెళ్ళని కోరేదీ ఇంతే. మీకు పటాలు గీసే కుర్రాళ్ళున్నారు, విశ్లేషకులున్నారు. కరచాలనం ఎన్ని సెకన్లు సాగిందో లెక్కపెట్టే బదులు, ఆరు నెలల కిందట ఒప్పుకున్న వాటిలో ఏది జరిగిందో, ఏది జరగలేదో వారానికోసారి పది నిమిషాలు చూపించండి. గెలుపు ఓటముల లెక్క ఆపితే, తువ్వాలు తీసి మొహం తుడుచుకుంటున్న మనిషికి ఆ మాట పూర్తిచేసే వీలుంటుంది. వెనకనుంచి "తగ్గిపోతున్నావా" అన్న గొంతు మనది కాకుండా చూసుకోవడం మన చేతిలో పని.

బావ 27 దాకా ఆగలేదు. 23 రాత్రి పట్టుబడి పెట్టాడు. నేను శనివారం కదా అని వెళ్ళాను. అర్ధరాత్రి లైట్ల కింద వల లాగుతున్నారు, క్రేట్లలో రొయ్య ఎగురుతోంది, ఐసు లారీ గట్టు మీద ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది. కొనడానికొచ్చినవాడు గుప్పెడు తీసి కాటా మీద పోసి కౌంటు చూశాడు. 38. రేటు బావ అనుకున్నది రాలేదు. బేరమాడలేదు, చీటీ రాయించుకున్నాడు. లారీ వెళ్ళిపోయాక, ఖాళీ చెరువు పక్కన మడమలమీద కూర్చుని, "అవునూ, వాళ్ళిద్దరూ మళ్ళీ ఎప్పుడు కూర్చుంటారట?" అన్నాడు.

"ఈసారి మాస్కోలో అన్నాడు పుతిన్. తేదీ చెప్పలేదు బావా."

"తేదీ అడగలేదా అక్కడెవరూ?" అంటూ లేచి, తిరుగుతున్న ఏరేటర్లు ఒక్కొక్కటే ఆపుకుంటూ గట్టు వెంట వెళ్ళాడు.